మూడుమూలల ముద్ద

రండి, ఎండలోంచి లోపలికి రండి.
మజ్జిగౌరమ్మ దర్శనం అయిందేటి?
చెప్పులు అక్కడే ఉంచండి, కుక్క ఎత్తుకుపోదు,
దానికి రోజూ నానే పెడతాను.

బోర్డు చూసి నవ్వుకున్నారు కదూ,
రాయగడలో జపాను భోజనమేటని.
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రాయించాను.
జపాను అక్షరం దగ్గరకొచ్చి పెయింటరు దండాసి
నాలుగు గీతలు గీసి వొదిలీసినాడు.
అది ఇల్లో చెట్టో ఆడికే తెలీదు.

పిల్లలున్నారు గనక ముందు కారె తెస్తాను.
కారం కాదమ్మా, దాని పేరే కారె.
దుంపా, కేరట్టూ, ఉల్లిపాయా చిక్కగా ఉడికించి
ఏపిల్ ముక్క ఒకటి తురిమి పోస్తాను అన్నం పక్కని.
మీ చిన్నోడు ముందు ముక్కు విరుస్తాడు,
తరవాత పళ్ళెం నాకుతాడు, చూడండి.

గుడ్డు చుట్ట ఉంది.
పల్చగా పోసి, చాప చుట్టినట్టు చుట్టి,
మళ్ళీ పోసి, మళ్ళీ చుట్టాలి.
తొందరపడితే పొరటైపోతాది.
అయినా తినీవోళ్ళు ఉన్నారనుకోండి.

కోడీ గుడ్డూ కలిపి అన్నం మీద పోసిన గిన్నె ఒకటుంది.
వాళ్ళు దాన్ని తల్లీపిల్లల గిన్నె అంటారు.
ఆ పేరు పిల్లలకి చెప్పకండి,
పక్కింటి కుని విన్నాక వారం రోజులు ముట్టలేదు.

ఇదంతా నేర్పింది హారుమమ్మ.
కాయితం మిల్లులో కొత్త మిషను దించడానికొచ్చిన
ఇంజినీరు భార్య.
పద్నాలుగు నెల్లు గెస్టుహౌసులో ఉన్నారు, నాను వంటమనిషిని.
ఆమె సోయా ముద్ద పులుసు వాసన నాకు పడేది కాదు,
నా తరవాణి కుండ వాసన ఆమెకి పడేది కాదు,
అలగ సరిపోయింది.

నాకొక జబ్బుంది బాబూ,
అన్నం ఎప్పుడు వండినా మెత్తబడిపోతాది.
గంజి వార్చినప్పుడల్లా చేతులొణికేవి.
"ముద్ద చేసీసినావే, ఇది అన్నమా,
గోడకి కాయితాలంటించే బంకా" అని
ఇరవయ్యేళ్ళు కంచం తోసింది మా అత్త.

గెస్టుహౌసులో మొదటి రోజూ అదే అయింది.
గిన్నె దాచబోతే హారుమమ్మ మూత తీసింది.
ఒక మెతుకు వేలికి తీసి ఇంకో మెతుక్కి అంటించింది.
అంటుకుంది.
నవ్వింది, నాకు ఏడుపొచ్చింది.
చేతులు తడుపుకుంది, ఉప్పు రాసుకుంది,
గుప్పెడన్నం అరచేతుల మధ్య తిప్పి తిప్పి
మూడు మూలలు తేల్చింది.
లోపల వాళ్ళూరి పుల్ల పండేదో పెట్టింది,
అది నిండుకున్నాక మన ఉసిరికాయ ఊరగాయే.

దీన్నేటంటారని సైగ చేస్తే ఆమె పేరు చెప్పింది,
నాకు నోరు తిరగలేదు.
నానొక పేరు చెప్పాను, వచ్చింది అదొక్కటే: ముద్ద.
"ముద్దా", అందామె, పిల్లకి పేరు పెట్టినట్టు.
అత్త తిట్టే మాటే అది.
ఆ నోట్లోంచి వస్తే వేరేగా వినపడింది.

ఇప్పుడు మా అత్తకి పళ్ళు లేవు.
ఆ మూల బల్ల మీద కూచున్నది ఆవిడే.
మద్దేన్నం రెండు ముద్దలు తింటాది.
బాగుందని అనదు.
మూడోదానికి చెయ్యి చాపుతాది, అటు చూస్తూ.

టెంపురా వేడిగా వేస్తాను, ఉండండి.
మన బజ్జీకి సన్నబడిన చుట్టం, సెనగపిండి ఉండదు.
గుమ్మడి ముక్క, బెండకాయ, వంకాయ,
నాగావళిలో రొయ్య పడిన రోజు రొయ్య.
చింతపండు చట్నీ అడక్కండి. సరే, అడగండి,
గిన్నెలో వేరేగా ఇస్తాను.

రైలు మూడింటికి కదా.
దార్లోకి నాలుగు ముద్దలు కట్టిస్తాను.
వాళ్ళు సముద్రం ఆకు చుడతారంట,
ఇక్కడెక్కడ దొరుకుతాది, అరిటాకు చుట్టాను.
ఆకు తీసి తినండి.
మొన్న పార్వతీపురం మేష్టారు
ఆకుతో సహా నమిలీసి
రుచిగా ఉందని చెప్పి ఎల్లిపోనాడు.