కణుపులు

మిల్డ్యూరాలో ఆ రోజు నలభై మూడు డిగ్రీలు.
క్లినిక్ మూసే వేళకి
డీకిన్ అవెన్యూ మీద ఒక పిల్లాడు
తోటపని తోపుడుబండి నెట్టుకుంటూ వచ్చాడు.
బండిలో తడి తువ్వాలు, తువ్వాలు కింద కుక్క.
పేరు పిప్ అన్నాడు.
తన పేరు అడిగితే కాసేపు ఆలోచించి
లాక్లన్ అన్నాడు.
"ట్రక్కు మీంచి దూకింది."

నేను కట్లు కట్టేవాణ్ణి.
కట్టుకథలు కూడా వినేవాణ్ణి.
పదకొండేళ్లుగా ఈ బల్ల ముందు
ఎన్నో కుక్కలు మెట్ల మీంచి పడ్డాయి,
మెట్లే లేని ఇళ్లలో.

ఎక్స్‌రే తెర మీద పక్కటెముకలు.
రెండు కొత్తవి, పగుళ్ల అంచులు ఇంకా పదునుగా.
మూడు పాతవి, అతుక్కున్న చోట
చెరుకు కణుపుల్లా ఉబ్బి.
ఇది స్కూలు సెలవులది,
ఇది ఫుట్‌బాల్ ఫైనల్ ఓడిపోయిన వారానిది కావచ్చు.
డాక్టర్ మార్గెరీట్ నా వైపు చూసింది.
ఏమీ అనలేదు.

పిప్ చెవి నిమురుతూ, తెర వైపు చూడకుండా
వాడే చెప్పాడు:
"ఆ కొత్తవి నేనే.
నేను కొడితే నాన్న కొట్టడు.
నేను మెల్లిగా కొడతాను.
ఈసారి మెల్లిగా కుదర్లేదు."

కుక్క వాడి మణికట్టు నాకుతోంది.
పొడుగు చేతుల చొక్కా, ఆ ఎండలో,
చివరి బొత్తాం దాకా పెట్టి ఉంది.

దెబ్బకి దెయ్యం వదులుతుందనేవాడు మా నాయన.
నిజమే, వదిలేది.
వదిలి ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు.
నాయన్నుంచి మా అన్న చిట్టిబాబు వీపులోకి,
అన్న నుంచి నాలోకి,
నా నుంచి
ఒంగోల్లో మా మిద్దె మీద, నీళ్ల డ్రమ్ము వెనక,
దారం కట్టిన తూనీగ తోకలోకి.
దానిచేత రాళ్లెత్తించాను.
చిన్న రాయి. తర్వాత ఇంకాస్త పెద్దది.
అదీ ఎత్తింది.
ఎందుకు ఎత్తుతావే అని నాకు కోపం వచ్చింది.
అక్కణ్ణుంచి దెయ్యం ఏమైందో తెలీదు.
తూనీగ కంటే చిన్నది
ఆ మిద్దె మీద ఏదీ లేదు.

ఫారం నింపాను.
కెల్పీ, ఆడది, నాలుగేళ్లు.
గాయాలకు కారణం: గడి చాలా చిన్నది.
ఇంట్లో ఇంకెవరైనా ప్రమాదంలో ఉన్నారా?
అక్కడ పెన్ను ఆగింది.
కొట్టిన వాణ్ణి రాయాలా, కొట్టించుకున్న వాణ్ణా?
ఒకటే పేరు రాశాను.
ఫోన్ చేశాను.

తండ్రి వచ్చాడు ఏడున్నరకి,
బూట్ల మీద ద్రాక్షతోటల దుమ్ము.
అలసిపోయి ఉన్నాడు. రాక్షసుడిలా లేడు.
అది నాకు నచ్చలేదు.
బిల్లెంత అన్నాడు.
మత్తులో ఉన్న పిప్ ఆ గొంతు విని
తోకతో రెండుసార్లు బల్లని తట్టింది.
భయమో ప్రేమో,
దానికీ తేడా తెలియదనుకుంటా.
పిల్లాడు మాత్రం నా వెనక్కి జరిగాడు,
ఒక్క అడుగు.
కాసేపటికి తెల్ల కారులో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు.
ఆ తర్వాతది నా చేతుల్లో లేదు.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది.
లాండ్రీ గదిలో మా అఖిలేశ్, ఆరేళ్లవాడు,
గినీపిగ్ పంజరం ముందు గొంతుక్కూర్చున్నాడు.
అది తిండిగిన్నె ఒలకబోసింది.
వాడికి తెలుగు రాదు. అన్నాన్ని కూడా రైస్ అంటాడు.
ఇప్పుడు మాత్రం చూపుడువేలు ఊపుతూ
నా గొంతుతో, నా యాసతో,
ఒక్క అక్షరం పొల్లుపోకుండా:
"ఇంకోసారి చేశావంటే తోలు తీస్తా."

నేను వాణ్ణి ఎప్పుడూ కొట్టలేదు.
ఆ మాట నలుగురిలో చెప్పుకునేవాణ్ణి,
ఇవాళ్టిదాకా.

పక్కన నేల మీద కూర్చున్నాను.
గోడలింకా వేడిగా ఉన్నాయి.
ఇద్దరం ఒలికిన గింజలు ఏరుతుంటే
వాడు తలెత్తకుండా అడిగాడు,
తోలు అంటే ఏంటి నాన్నా?

గడ్డి చాటు నుంచి గినీపిగ్
మా ఇద్దర్నీ చూస్తోంది.