మూడు నెలల గాలి

జగన్నాథపురంలో ఆరు మేడలు నావి.
నావంటే, మెట్ల తాళాలు నావి.
ఒక్కో మేడ మీద రెండు స్టీలు బేసిన్లు
మూతికి మూతి చేర్చి, సందు వదిలి, వేలాడదీశాను.
లోపల ఒక స్పాంజి బిళ్ల, దిబ్బరొట్టెలాంటిది.
దానికి పనేం లేదు.
వానకి తడవకుండా, ఎండకి మాడకుండా
మూడు నెలలు ఊరికే ఊపిరి పీల్చడం.

"ఆయ్, ఇదేంటండీ, కొత్త రకం డిష్షా?"
అంది గుబ్బల వరహాలమ్మ.
కాదండి, గాలి పట్టే గిన్నె అన్నాను.
"గాలి పట్టుకుపోతారా! మాకే సరిగ్గా లేదండి బాబూ."

వాళ్ల పెరటి గోడకవతల ఖాదర్ వలీ పాతసామాన్ల కొట్టు.
వీధి దీపాలు వెలిగే వేళకి
ఇద్దరు కుర్రాళ్లు తీగచుట్టలు పేర్చి నిప్పు పెడతారు.
నల్ల తొడుగు బుడగలెత్తి, కారి, కమిలి
లోపలి రాగి బయటికొస్తుంది
తలంటి పోసిన పసిబిడ్డలా ఎర్రగా.
కిలో రాగి ఎంతో వాళ్లకి తెలుసు.
కిలో పొగ ఎంతో
రాసుకోడానికి నా రిజిస్టర్లో గడి లేదు.

రెండో మేడ సలాది వెంకన్నది,
లైన్‌మన్‌గా చేసి దిగిపోయాడు.
మోకాళ్లకి ట్రాన్స్‌ఫార్మర్ నూనె రాస్తాడు.
"పాతదైతేనే పట్టు ఉంటదండి, కొత్తదానికి ఆ గుణం లేదు."
సీసా నా ముక్కు దగ్గర పెట్టాడు.
పెద్దగా వాసన లేదు.
వాసన లేనిదాన్నే ఎక్కువ అనుమానించాలని
చెబుదామనుకునేలోపు
మఠం వేసి కూచుని చూపించాడు, చక్కగా.
కాఫీ తాగి వచ్చేశాను.

నాలుగో మేడ కింద, తెల్లవారుజామున,
సువార్త ఊడ్చిన కుప్పకి అగ్గిపుల్ల గీస్తుంది.
ఆకులు, కవర్లు, ఎవరిదో చెప్పు, సెలైన్ గొట్టం.
"కాల్చకూడదని రూలుందమ్మా" అన్నాను.
"ఉందండి. బండి రావాలనే రూలే లేదు."
చీర చెంగు ముక్కుకి చుట్టుకుని
పొగకి ఎదురుగానే నిలబడింది,
గాలి ఎటు తిరుగుతుందో తనకే నయం తెలుసు.

దక్షిణం నుంచి వీస్తే చేల మీది గాలి వస్తుంది.
కొన్ని మందులు ఎప్పుడో మాన్పించారు.
మట్టికి ఎవరూ చెప్పినట్టు లేదు.

పెళ్లిపత్రికలో పేరు ముందు చి. అని రాస్తామే,
ఆ దీవెన మనుషులకి తగల్లేదు,
వీటికి తగిలింది.

హైదరాబాద్ ల్యాబు నుంచి కాగితాలొస్తాయి.
కొండ అన్నదే ఎరగని మా ఊరికి
వరసగా కొండలు గీసి పంపుతారు.
ఇది తీగల కొండ, ఇది కుప్పల కొండ అని
నాకు నేనే పేర్లు పెట్టుకుంటాను,
ల్యాబువాళ్లు ఒప్పుకోరు.
ఒక మూల చిన్న గుట్ట, డీడీటీ.
మా తాత మలేరియా పార్టీలో పనిచేశాడు.
భుజాన పంపు, చెవిలో సుద్దముక్క.
మందు కొట్టిన ప్రతి ఇంటి తలుపు మీదా తేదీ వేసేవాడు.
పోయి ముప్పై రెండేళ్లు.
ఆ గుట్ట మీద ఏ తేదీ లేదు.
అయినా వేలు కాసేపు అక్కడే ఆగింది.

ప్రతిసారీ ఒక బిళ్లని పెట్టెలోంచి తీసి
ఒక్క నిమిషం గాలికి చూపి మళ్లీ మూసేస్తాను.
దాన్ని ఖాళీ అంటాం.
దానితో పోల్చే మిగతావి లెక్కకడతారు.
ఈసారి ఖాళీలోనూ చిన్న గుట్ట లేచింది.
"చేతులు కడుక్కున్నారా?" అని ఫోను.
కడుక్కున్నానండి.
"పౌడరు గానీ సెంటు గానీ?"
లేదండి.
అవతల కాసేపు ఫ్యాను చప్పుడు.
"సరే, మళ్లీ పంపండి."

మళ్లీ మేడెక్కాను.
నా బేసిన్ల నీడలోనే
వరహాలమ్మ బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది,
తెల్లటి పంచె మీద, ఆకాశానికి ఎదురుగా.
బిళ్ల మార్చి పట్టకారు తుడుచుకుంటుంటే
గుప్పెడు వడియాలు దోసిట్లో పోసింది.
పొట్లం కట్టుకోడానికి
నా దగ్గర వెండి కాగితం ఒక్కటే ఉంది.