చెయ్యెత్తే ముందర

గుంతకల్లు జూనియర్ కాలేజీ, రూము నంబరు తొమ్మిది.
బెంచీలు గుర్రపు లాడం ఆకారంలో జరిపి
పార్లమెంటు అన్నాము.
దేశానికి పేరు పిల్లలే పెట్టుకున్నారు: సొరదీవి.
సొరచేపో సొరకాయో ఎవరూ తేల్చలేదు.
పటంలో వెతకొద్దు, లేదు.
జనాభా మన ఊరంత.
చుట్టూ సముద్రం, వీళ్లలో సగం మంది చూడని సముద్రం,
నీలి చార్టు మీద జిగురు ఆరకముందే
అలలు కొంచెం పైకి లేచినాయి.

విదేశాంగ మంత్రి సుంకన్న.
అన్న పెండ్లికి కుట్టించిన కోటు అడిగి తెచ్చుకున్నాడు,
వేళ్ల దాకా మింగేసిన కోటు.
ప్రతిపక్షంలో కుళ్లాయమ్మ, ఒక్కతే.
మిగతా ఇద్దరికీ ఆ రోజు జ్వరం.

విషయం నేనిచ్చిందే.
పెద్ద దేశమొకటి పరాయి నీళ్లలో
బాంబులు పరీక్షించుకోవచ్చునా అని
ప్రపంచ సభలో ఓటింగు.
సొరదీవి పెద్ద దేశం వైపు చెయ్యెత్తింది.
ఎందుకో సభకు చెప్పాలి. ఐదు నిమిషాలు.

సుంకన్న బాగానే కంఠస్థం చేసినాడు.
రేవు కట్టించింది వాళ్లే అధ్యక్షా,
నెలకొకసారి వచ్చే డీజిలు ఓడ వాళ్లదే,
మన చేప కొనేదీ వాళ్లే,
గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవల్ల చిన్న దేశం.
బల్లలు చరిచినారు.
అప్పుడే బళ్లారి ప్యాసింజరు కూత పెట్టింది.
బండి పోయేదాకా సభ వాయిదా.
మా సభకు అది అలవాటే.

కూత తగ్గినాక కుళ్లాయమ్మ లేచింది.
చేతిలో కాగితం లేదు.

"యా పక్కకు ఎత్తినారని నేను అడగలేదు.
ఎత్తే ముందర ఎవుర్ని అడిగినారు?
అంత దూరం కుర్చీలో కూసున్నాయనకు
ఎత్తు అని యాడ నుంచి కబురు పోయింది?
ఏ రోజు, ఎవురి సంతకం?
ఆ కాగితం ఈ బల్ల మీద పెట్టండి."

ఈ ప్రశ్న నేను రాసివ్వలేదు.
ఇరవై రెండేండ్లుగా బోర్డు మీద రాస్తున్నాను,
మంత్రిమండలి సభకు జవాబుదారీ అని.
రెండు మార్కుల ప్రశ్న.
ఎవరైనా నిజంగా అడుగుతారనుకోలేదు.
సుంకన్న నా వైపు చూసినాడు.
నేను కిటికీ వైపు చూసినాను.

చానా సేపటికి, కోటు చేతులు పైకి మడుస్తా,
మంత్రిది కాని గొంతుతో అన్నాడు:

"మాయమ్మ వార్డు మెంబరు సార్.
కంకర మిషను మీటింగుకు పొయ్యిన దినం
చెయ్యెత్తమన్నారు, ఎత్తింది.
శెనక్కాయలు వొలిచి వొలిచి గోర్లు పగిలిన చెయ్యి.
ఇంటికొచ్చి గిన్నెలో అన్నం పెట్టుకొని
మా దిక్కే చూసుకుంటా కూసునింది.
ఏంటికి ఎత్తినావని ఎవురూ అడగలేదు.
నేనూ అడగలేదు.
అడిగింటే ఏమన్నా చెప్పుండేదేమో సార్."

"సార్ కాదు, అధ్యక్షా అనల్ల,"
స్పీకరు ఫయాజు గుర్తు చేసినాడు, మెల్లగా.
"అధ్యక్షా," అన్నాడు సుంకన్న. కూసున్నాడు.

అనంతపురం నుంచి వచ్చిన జడ్జి
విషయాంతరమని నాలుగు మార్కులు కోసినాడు.
మొదటి బహుమతి గుత్తి వాళ్లకు పోయింది.
మాకు గోడ గడియారం.
ఎంత సరిచేసినా ఆరు నిమిషాలు ముందుంటుంది.

సాయంత్రం మినిట్సు పుస్తకం దిద్దబోయినాను.
సభా కార్యదర్శి ఇర్ఫానా మొదట రాసింది,
మంత్రి సమాధానం ఇచ్చినారు అని.
కొట్టేసింది.
మంత్రి సమాధానం ఇవ్వలేదు అని రాసింది.
అదీ కొట్టేసి, కింద, చిన్న అక్షరాలతో:
ఇంటికి పోయి అడిగొస్తామన్నారు.

అనలేదు వాడు ఆ మాట.
ఎర్ర పెన్ను తీసినాను.
డోన్ వైపు గూడ్సు ఒకటి పోతావుంది,
పెట్టెలు లెక్కబెడతా కూర్చున్నాను.
యాభై ఎనిమిది.
పెన్నుకు మూత పెట్టినాను.