లస్కరు

పడుకుంటే డెబ్బై రెండు.
లేచి నిలబడితే నూట ముప్పై.
అమలాపురంలో రెండేళ్ళు
దీన్నే భయం అన్నారు.
బిళ్ళలిచ్చారు, ఊపిరి లెక్కపెట్టుకోమన్నారు.
దేనికి భయమో వెతికి వెతికి
చివరికి నిజంగానే భయం పట్టుకుంది.

కాకినాడలో ఓ కుర్ర డాక్టరమ్మ
నన్ను గోడకి ఆనుకోనివ్వకుండా
పది నిమిషాలు నిలబెట్టింది.
"మనసు కాదమ్మా, నరాలు.
లేవగానే నెత్తురు కాళ్ళలోకి జారిపోతోంది,
తోడలేక గుండె పరిగెడుతోంది."

మా నాన్న లొల్ల లాకుల మీద లస్కరు.
తలుపు వెయ్యడం ఆలస్యమైతే
పై కాలవ ఎంత తొందరగా దిగిపోతుందో
నాకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మజ్జిగలో రెండు చిటికెలు ఎక్కువ ఉప్పు,
బిగుతు మేజోళ్ళు,
మెల్లగా లేవడం.
అయినా బస్సు కోసం నిలబడ్డప్పుడు
ఒక్కోసారి దడ మొదలవుతుంది.
పిక్కలు బిగించి,
పడవవాళ్ళు నాన్నని పిలిచినట్టు
లోపలికి కేకేస్తాను:
బుల్లెబ్బాయీ, తలుపూ...!