చేదర్థకం

డోరీన్ ఆక్‌రాయిడ్ ఎప్పుడూ సగం వాక్యమే రాస్తుంది.
పాల బిల్లు వెనక, మొద్దు పెన్సిల్‌తో.
తలుపు చీలికలోంచి నా చెప్పుల మీదికి జారవిడుస్తుంది:

మీరు గనక బ్రౌన్ బిన్ను లోపలికి లాగితే

అంతే. కింద సంతకం.
లాగితే సంతోషిస్తానని లేదు,
లాగకపోతే ఊరుకోనని లేదు.
హాలిఫాక్స్‌లో మా వీధి నిట్టనిలువు.
గాలికి దొర్లిన బిన్ను దిగువన చర్చి గోడ దాకా పోయి ఆగుతుంది.
ఆవిడ వాక్యం మాత్రం
ఏటవాలు మధ్యలో, ఏ ఆసరా లేకుండా,
ఎలా నిలబడుతుందో తెలీదు.

ఏలూరులో ఎనిమిదో తరగతి.
ఇఫ్ రాసి రెండో ముక్క రాయకపోతే సత్యవాణి టీచరు
'ఒంటి చెప్పుతో బడికొచ్చావేమే' అనేది.
వానొస్తే మ్యాచ్ ఆగిపోవును.
కష్టపడితే పాసవుదువు.
నలభై మందిమీ కామా దగ్గర ఊపిరి పీల్చి
రెండో కాలు మోపేవాళ్ళం.
ఇంగ్లీషు ఇఫ్ ముందే వచ్చి గుమ్మంలో నిలబడుతుంది,
మన 'తే' క్రియ కొంగు పట్టుకుని వెనకాల వస్తుంది.
తెలుగు పీరియడ్లో దాని పేరు చేదర్థకం అన్నారు.
చేదైన అర్థం గలది కాబోలనుకుని
ఎవరూ చూడకుండా నాలుక చప్పరించుకున్నాను.

ఇప్పుడు ఆసుపత్రి ఫార్మసీలో రాత్రి డ్యూటీ.
నేను అంటించే చీటీల మీద ప్రతి వాక్యానికీ రెండు కాళ్ళుంటాయి.
మత్తుగా ఉంటే బండి నడపకూడదు.
ఒక పూట మరిచిపోతే రెండు పూటలవీ కలిపి మింగకూడదు.
తెల్లారి ఇంటికొస్తే పట్టా మీద ఇంకో కుంటి చీటీ:

మీరు గనక మెట్ల మీద కాస్త మెల్లగా నడిస్తే

మీరు గనక ఆ వేపుడు వేపేటప్పుడు కిటికీ

(కిటికీని ఏం చెయ్యాలో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.)

మొదట్లో ఒళ్ళు మండేది.
ఎర్రపెన్నుతో పూర్తిచేసి నా ఫ్రిజ్‌కే అంటించుకునేదాన్ని.
లాగితే, కిరీటం పెడతారా.
నడిస్తే, మోకాళ్ళు మీరిస్తారా.
ఆవిడకి ఒక్కటీ చూపించలేదు.

తర్వాతెప్పుడో, ఒంటరిగా అన్నం తింటూ గుర్తొచ్చింది.
పెళ్ళి పంక్తిలో మా పెద్దమ్మ
'కాస్త ఆ ఉప్పిటు జరిపితే' అని
చెయ్యి గాల్లోనే ఉంచేది.
జరిపితే ఏమిటని ఒక్కరూ అడగలేదు.
ఉప్పు వచ్చేది.
మిగతా సగం ఎవరి చేతిలోనో ఉండేది.

నవంబర్‌లో ఒక ఆదివారం, అంబులెన్స్ వెళ్ళిపోయాక,
చీటీకి సెలోటేపుతో అంటించిన తాళంచెవి.

నేను గనక మంగళవారానికి తిరిగి రాకపోతే

ఈసారి సంతకం కూడా లేదు.
రాకపోతే?
ఆ ఇంట్లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి.
వెనక కిటికీలో జెరేనియం కుండీ. ఆగిన గోడగడియారం.
ఎవరికీ చెప్పకుండా మోగుతున్న రేడియో.
ఏ పని రెండో ముక్కో తెలీక అన్నీ చేశాను.
మంగళవారం దాకా ఆగకుండానే మొదలుపెట్టాను.
నీళ్ళు పోశాను, గడియారానికి కీ ఇచ్చాను,
రేడియో కట్టేసి, మళ్ళీ పెట్టాను.
రెండు బిన్నులూ లాగాను.
మెట్ల మీద మెల్లగా నడిచాను, వినేవాళ్ళు లేకపోయినా.

గురువారం వచ్చింది, కొత్త తుంటితో, వాకర్‌తో.
శుక్రవారం పొద్దున్నే చీటీ:

మీరు గనక జెరేనియంకి అన్నేసి నీళ్ళు పోయకుండా ఉండుంటే

జరిగిపోయినదానికి రాసే ఇఫ్.
సత్యవాణి టీచరు దాన్ని పదో తరగతికి వదిలేసింది.
వేళ్ళు కుళ్ళాయట. నవ్వాపుకోలేకపోయాను.
చీటీ వెనక నేనూ పెన్సిల్‌తో రాశాను:

మీరు గనక ఓ కప్పు టీకి వస్తే

కామా పెట్టలేదు.
ఆవిడ తలుపు చీలికలోంచి తోసి, మెట్టు మీదే నిలబడ్డాను.
లోపల రేడియో ఆగింది.
వాకర్ చప్పుడు, ఒకటి.
చాలాసేపటికి ఇంకొకటి.