పదిహేనో హీట్ జరగలేదు

ఆరో హీట్ అయ్యాక వాన.
ట్రాక్ మీది ఎర్రమట్టి పులుసులా జారిపోతుంటే
రిఫరీ గొడుగేసుకుని నడిచొచ్చి
బూటు మడమతో ఒకసారి నొక్కి చూసి
తల అడ్డంగా ఊపాడు.
ఈ బుధవారానికి ఇంతే.

ఇళ్ళకి పోవచ్చు కదా. పోరు.
మూడో మలుపు దగ్గర, నా టీ కొట్టు రేకుల కింద
ఇరవై ముగ్గురు, ఒక కుక్క.
గాలిలో ఇంకా కాలిన ఆముదం వాసన.
కెటిల్ దగ్గర నిలబడితే ఎవరి మాటైనా వినపడుతుంది,
వద్దనుకున్నా.

వెనకబడ్డ జట్టుకి ఒక్క రేసులో
పాయింట్లు రెండింతలు ఇవ్వాలా వద్దా?
మొదలెట్టింది ఎన్నిస్.
ఇరవై ఏళ్ళు మాంసం కొట్టు నడిపినవాడు,
తూకం దగ్గర పట్టింపు.
"మూడంటే మూడే. ఆరెట్లా అవుతుంది?
కిలో తూచి రెండు కిలోల డబ్బు అడిగుంటే
స్కార్ల్‌బీ ఊరంతా కలిసి తన్నేది నన్ను."

షానిస్ బస్సు డ్రైవరు, యూనిఫాం విప్పకుండానే వచ్చింది.
"ఎనిమిదో హీట్‌కే ఎవరు గెలిచేదీ తేలిపోతే
మా పిల్లాడు ఫోన్ తీస్తాడు.
వాడికి తూకం అక్కర్లేదు, ఆశ కావాలి."

ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళు మూడే కాళ్ళంటారు.
కుక్క మాత్రం నాలుగూ చాపి పడుకుంది.

తర్వాత అరువు రైడర్ల మీదికి మళ్ళింది.
మనవాడి కాలు విరిగితే పక్క ఊరివాడు వచ్చి
మన కొంగబొమ్మ చొక్కా తొడుక్కుంటాడు,
శుక్రవారం అదే మనిషి మనల్ని ఓడిస్తాడు.
చప్పట్లు కొట్టాలా, మొహం తిప్పుకోవాలా
అని వోయ్‌టెక్ నిజంగానే అడిగాడు.

అప్పుడెవరో యెప్పె పేరెత్తారు.

పంతొమ్మిదేళ్ళకి డెన్మార్క్ నుంచి వ్యాను తోలుకొచ్చాడు.
మొదటి ఏడు మట్టి తిన్నాడు, కంచె గుద్దాడు,
గ్లెనిస్ వాళ్ళ వెనక గదిలో పడుకుని
ఆమె మరీ ఉడికించే బఠానీలు మాట్లాడకుండా తిన్నాడు.
రెండో ఏడు నేర్చాడు. మూడో ఏడు గెలిచాడు.
గెలిచాడు కనక సగటు పెరిగింది.
పెరిగింది కనక జట్టు మొత్తం పరిమితి దాటింది.
దాటింది కనక
వ్యాను మళ్ళీ తోలుకుపోయాడు.
గ్లెనిస్‌కి ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.
బాగుపడటం తప్పా అని
ఆమె కూడా ఒక్కసారే అడిగింది.

నవంబరులో ఏదో హోటల్లో, తలుపులు మూసి
క్లబ్బుల ఓనర్లు చేతులెత్తుతారు.
పందెగాళ్ళూ వాళ్ళే, పంచాయితీ పెద్దలూ వాళ్ళే.
తలుపు కింద నుంచి ఒక కాగితం బయటికొస్తుంది.
మా చేతులకి అక్కడ పన్లేదు,
గేటు దగ్గర ఇరవై పౌండ్లు లెక్కపెట్టడానికే అవి.

"ఊరికే తిట్టకండి" అన్నాడు మోర్విన్,
ఒక సీజను క్లబ్బు ఆఫీసులో పద్దులు రాసినవాడు.
"మన ఓనరు ఇల్లు తాకట్టులో ఉంది.
వానపడ్డ ప్రతి బుధవారం
ఆయనకి ఒక గది పోతుంది."

రేకుల మీద చప్పుడు పెరిగింది.
ఇవాళ పోయింది వంటగది కాకపోతే బాగుణ్ణు అనుకున్నాను.

"బ్రేకుల్లేని బండికి నియమాలే బ్రేకులు" అన్నాడొక కుర్రాడు.
బాగుందన్నారు.
ఇంతకుముందు ఎన్నిసార్లు అన్నావిది, అన్నాడు ఎన్నిస్.

సరే, మనమే ఓటేద్దామంది షానిస్.
రెండింతలు కావాలి: పన్నెండు.
వద్దు: పన్నెండు.
ఒకరు రెండువైపులా చెయ్యెత్తారు, ఎవరో నాకు తెలుసు.
ఫలితం ఎవరికి పంపాలో మాత్రం
ఎవరికీ తెలీలేదు.

గ్లెనిస్ ఎత్తలేదనుకుంటా.
ఒళ్ళో ప్రోగ్రాం పుస్తకం,
ఏడు నుంచి పదిహేను దాకా ఖాళీ గళ్ళు.
ఎప్పుడూ పెన్సిలే వాడుతుంది.
పెన్ను ఇస్తానంటే, మధ్యలో రూలు మారుస్తారు, వద్దంటుంది.

కప్పు అందిస్తూ తొంగిచూశాను.
పదిహేనో హీట్‌లో, ఎర్ర హెల్మెట్ గడిలో
యెప్పె అని రాసింది.
పక్కన మూడు వేసింది.
కాసేపు చూసుకుని
సంచిలోంచి రబ్బరు తీస్తూ
"పరిమితి దాటుతుందేమో" అంది.