కప్పు కారిన చోట

బాండుంగ్‌లో వాన పిలిస్తే రాదు.
మధ్యాహ్నం మూడింటికి
అద్దె వసూలుకొచ్చిన మనిషిలా
చెప్పులైనా విప్పకుండా లోపలికొస్తుంది.

ఇమాస్, గిలాంగ్,
ఇద్దరి వయసూ కలిపినా నాకంటే ఐదేళ్లు తక్కువే.
నా అచ్చుకొట్టు మీది గదిలో
బట్టల బ్రాండు పెట్టారు.
పేరు వెతకడానికే నాలుగు నెలలు పట్టింది.
చివరికి "బెసొక్" అన్నారు, అంటే రేపు.
నాకు రావలసిన డబ్బుల మాటెత్తితే
బ్రాండు పేరే చెబుతారు.

మొదటి బొమ్మ బలా-బలా.
వీధి చివర బండి మీద వేసే క్యాబేజీ పకోడీ.
గిలాంగ్ దాన్ని గ్రహంలా గీశాడు,
చుట్టూ తిరుగుతూ మూడు పచ్చిమిరపకాయలు.
నల్ల టీషర్టు మీద నూనె ఓడే పసుపు.
ఇరవై నాలుగు వేశాం, పందొమ్మిది పోయాయి.
బండాయన ఒకటి తొడుక్కుని
గ్రహానికి ఉప్పు తగ్గిందన్నాడు.

రెండోది చాన్నాళ్లు దొరకలేదు.
పులి గీశారు, పుర్రె గీశారు,
పుర్రె నోట్లో గులాబీ గీశారు.
ఈ వీధిలో ప్రతి హ్యాంగరుకీ
ఆ పులే వేలాడుతోంది, ఆ పుర్రే నవ్వుతోంది.

ఒక రాత్రి కరెంటు పోయింది.
ఇమాస్ ఫోను వెలుగు పైకి తిప్పింది.
కప్పు మీద మరక.
మూడు వానాకాలాలు ఒకదాని మీద ఒకటి
టీ గ్లాసు అడుగులా వలయాలు వలయాలుగా.
"మేక" అంది ఇమాస్.
"కాదు, తల దించుకున్న మనిషి" అన్నాడు గిలాంగ్.
నాకు మాత్రం
ఎప్పుడో బాగుచేయించాల్సిన కప్పే కనబడింది.

బల్ల మీద కుర్చీ, కుర్చీ మీద ఇమాస్,
చేతిలో ట్రేసింగ్ పేపరు.
నాలుగు రంగులు, నాలుగు స్క్రీన్లు,
వీపు నిండా పట్టేంత బొమ్మ, బూడిదరంగు హూడీలు.
గోధుమరంగు కలపడం ఎంతసేపు అనుకున్నాను.
ఆరిన మరక గోధుమ వేరు,
మళ్లీ తడిసిన మరక గోధుమ వేరు.
పదకొండు సార్లు కలిపాను. కుదరలేదు.
పదకొండోదే వేసేశాను.

మూడో స్క్రీను ఒకచోట రెండు మిల్లీమీటర్లు జరిగింది.
నేను నోరు విప్పలేదు.
మరకలో తప్పు పట్టేదెవరు?

మెడ దగ్గర లేబుళ్లు కుట్టడానికి ఎంటిన్ వచ్చింది, ఇమాస్ పిన్ని.
ఇరవై రెండేళ్లు ఎగుమతి ఫ్యాక్టరీలో
ఏడో లైను, పద్నాలుగో మిషను,
రోజుకి తొమ్మిది వందల మెడలు.
మావి ముప్పై ఆరు.
టీ చల్లారేలోగా కుట్టేసి
"మిగతావేవీ?" అంది.
మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఒక హూడీని రెండు చేతులా ఎత్తి పట్టుకుని
చాలాసేపు చూసింది.
మేకో మనిషో, ఏం కనబడిందని ఎవరం అడగలేదు.
"ఇంత కారుతుంటే
బకెట్టు పెట్టరా?" అంది.

అందుకే ముప్పై ఆరింటికీ లోపలి వైపు,
కింది అంచు దగ్గర,
చిటికెనవేలి గోరంత బకెట్టు ఉంటుంది.
అచ్చు కాదు, ఎర్రదారం.
ఆ రాత్రంతా కూర్చుని ఎంటిన్ కుట్టింది.
కూలి ఎంతంటే
మెడలకే తీసుకుంది.

ఎన్ని అమ్ముడయ్యాయో అడక్కండి.
రేపు చెబుతాను.

నిన్న దాగో దారిలో, సిగ్నల్ దగ్గర,
ఎవరో పిల్ల మోటారుసైకిలు వెనక కూర్చుంది,
వీపు మీద మా కప్పుతో.
రెయిన్‌కోటు లేదు, ఒంగి
ఏదో పొట్లాన్ని పొట్టకి అదుముకుంది.
వాన ఆ మరక మీదే పడుతోంది.
పడుతుంటే, పడుతుంటే,
నాకు పదకొండు సార్లు కుదరని రంగు
కళ్లెదుట తేలింది.

పిలుద్దామనుకునేలోగా పచ్చలైటు పడింది.
వెనకనున్న బండ్లన్నీ నన్ను తిట్టాయి.

కొట్టుకొచ్చి మెట్లెక్కి పైకి చూశాను.
మరక ఇంకో వేలెడు పెరిగింది.
కొత్తగా పెరిగిన చోటు
దేనిలా ఉందో ఇంకా ఎవరూ చెప్పలేదు.